ఇంటివద్ద విద్యుత్ కారు ఛార్జింగ్ - నెమ్మది, వేగ పద్ధతుల తులనాత్మక పరిశీలన (ములకలపల్లి నేపథ్యంలో)

వ్యాససంగ్రహం: విద్యుత్ కారును ఇంటివద్ద 15 ఆంపియర్ల ప్లగ్గుతో నెమ్మదిగానూ, 7.2 కిలోవాట్ల గోడపెట్టెతో వేగంగానూ ఛార్జ్ చేయవచ్చు. అటవీ సరిహద్దు మండలమైన ములకలపల్లి వంటి చోట ఈ రెండింటిలో ఏది అనువైనదో నిర్ణయించేది కారు కంటే ఎక్కువగా వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్, ఇంటి వైరింగు, మీటరు అని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ వాహనం, ఛార్జింగ్, కిలోవాట్, యూనిట్, ట్రాన్స్‌ఫార్మర్, గృహజ్యోతి, ములకలపల్లి.

1. పరిచయం:

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి మండలానికి చేరువలో పాల్వంచ వద్ద కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అదే జిల్లాలో మణుగూరు వైపు 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది. సీతారామ ఎత్తిపోతల పథకపు పూసుగూడెం పంప్‌హౌస్ ఈ మండలంలోనే ఉంది. అయితే కరెంటు పుట్టే చోటికి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఊరి చివరి ఇంటి ప్లగ్గులో వోల్టేజి నిలకడగా ఉంటుందని చెప్పలేం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. దీనితో కారు కొనుగోలు సులువైంది. కొన్న కారును రాత్రిపూట ఎక్కడ, ఎలా ఛార్జ్ చేయాలన్నది మాత్రం ఇంటి యజమాని తేల్చుకోవలసిన విషయంగానే మిగిలింది.

2. 'కరెంటు' అనే మాటలోని చిక్కు:

వాడుక తెలుగులో 'కరెంటు' అన్న ఒక్క మాట మూడు వేర్వేరు పరిమాణాలను సూచిస్తుంది. తీగలో ప్రవహించేది ఆంపియర్లలోనూ, ఒక క్షణాన వాడుకొనే సామర్థ్యం కిలోవాట్లలోనూ, మొత్తం వాడకం యూనిట్లలోనూ కొలుస్తారు. 'ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే కరెంటు ఎక్కువ కాలుతుంది' అన్న మాటలో ఈ మూడూ కలిసిపోయాయి. నిజానికి ఛార్జింగ్ వేగం పెరిగితే కిలోవాట్లు పెరుగుతాయి, యూనిట్లు దాదాపుగా మారవు. పైగా ఛార్జ్ అవుతున్నంతసేపూ కారులోని ఎలక్ట్రానిక్ భాగాలు కూడా కొంత విద్యుత్తును తీసుకుంటాయి కాబట్టి, ఎక్కువ గంటలు సాగే నెమ్మది ఛార్జింగ్‌లోనే నష్టం కాస్త ఎక్కువ.

గోడకు బిగించే పెట్టెను 'ఛార్జర్' అనడం కూడా ఇలాంటిదే. అసలు ఛార్జర్ కారు లోపల ఉంటుంది. గోడపెట్టె ఎన్ని ఆంపియర్ల వరకు తీసుకోవచ్చో కారుకు సంకేతమిచ్చే రక్షిత స్విచ్చు మాత్రమే. అందువల్ల లోపల 3.3 కిలోవాట్ల ఛార్జర్ ఉన్న కారుకు 7.2 కిలోవాట్ల పెట్టె బిగించినా వేగం పెరగదు. 2022లో విడుదలైన టాటా టియాగో ఈవీలో ఈ రెండు సామర్థ్యాలూ వేర్వేరుగా లభించేవి. కొనేటప్పుడే చూసుకోవలసిన విషయమిది.

3. కాలం - అవసరం:

45 యూనిట్ల బ్యాటరీని పది శాతం నుంచి నిండుగా నింపడానికి నెమ్మది పద్ధతిలో 14, 15 గంటలు, వేగ పద్ధతిలో ఆరున్నర గంటలు పడుతుంది. ప్రకటనలన్నీ ఈ అంకెలనే ముందు పెడతాయి. కాని రోజూ ఖాళీ బ్యాటరీతో ఇల్లు చేరేవారు అరుదు. ములకలపల్లి నుంచి పాల్వంచకో, కొత్తగూడేనికో ఉద్యోగానికి వెళ్లివచ్చే వ్యక్తి రోజుకు 60 కిలోమీటర్లు తిరుగుతాడనుకొందాం. యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున, నష్టాలు కలుపుకొని, రోజుకు పది యూనిట్లు చాలు. మామూలు ప్లగ్గుతో ఇది మూడు గంటల పని. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఎనిమిది గంటలు ఉన్నప్పుడు వేగం అవసరమేమిటన్నది సమంజసమైన ప్రశ్న.

దీనికి ఒక బలమైన సమాధానమూ ఉంది. ఈదురుగాలికి చెట్టుకొమ్మలు తీగలపై పడి సరఫరా ఆగడం అడవి అంచు లైన్లకు సహజం. రాత్రంతటిలో రెండు గంటలే కరెంటు ఉన్న రోజున నెమ్మది పద్ధతిలో ఆరు యూనిట్లు దక్కితే, వేగ పద్ధతిలో పద్నాలుగు దక్కుతాయి. అయితే ముందురోజుల్లో బ్యాటరీని సగానికి పైగా నిలుపుకొనే అలవాటుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

4. తీగ, ట్రాన్స్‌ఫార్మర్:

230 వోల్టుల వద్ద 3.3 కిలోవాట్లకు సుమారు 14 ఆంపియర్లు, 7.2 కిలోవాట్లకు 31 ఆంపియర్లు ప్రవహిస్తాయి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, అదే తీగలో ప్రవాహం రెండింతలకు కొంచెం మించితే వేడి దాదాపు అయిదు రెట్లవుతుంది. వేగ పద్ధతికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడి ఎంసీబీ, ఆర్‌సీసీబీ కావాలి. నెమ్మది పద్ధతికి కూడా 4 చదరపు మిల్లీమీటర్ల విడి తీగ ఉండటం మేలు. గ్రైండరు, గీజరు కొద్దిసేపే నడుస్తాయి. కారు గంటల తరబడి పూర్తి ప్రవాహం తీసుకుంటుంది. వదులైన పాత ప్లగ్గు నల్లబడి కరిగేది ఈ తేడావల్లనే. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు అసలు ఛార్జింగే మొదలుపెట్టవు. వేసవిలో మట్టి ఎండిపోయే నేలల్లో ఎర్త్ గుంతకు నీళ్లు పోయడం పాత పద్ధతే అయినా అవసరమే.

ఇంటి బయట సమస్య మరింత పెద్దది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక్కో ఫేజుకు వచ్చేది ఎనిమిది కేవీఏ పైచిలుకు. సింగిల్ ఫేజుపై 7.2 కిలోవాట్లు తీసుకొనే ఒక్క కారు ఒక ఫేజునంతటినీ ఆక్రమించినట్లే. ఆ ఫేజు మీది ఇళ్లలో ఫ్యాను నెమ్మదిస్తుంది, బల్బు మసకబారుతుంది. వ్యవసాయ మోటార్లు నడిచే వేళ ఇది మరీ ఎక్కువ. వోల్టేజి 190కి పడితే నెమ్మది ఛార్జింగ్ కూడా 2.7 కిలోవాట్లకు తగ్గుతుంది. వేగ పద్ధతి ఎంచుకొనేవారు ఒప్పంద లోడు పెంచుకోవడం, మూడు ఫేజుల సర్వీసు గురించి విచారించడం నియమం కోసమే కాదు, పొరుగువారి కోసం కూడా.

5. బ్యాటరీ ఆయువు:

వేగ ఛార్జింగ్ బ్యాటరీని దెబ్బతీస్తుందన్న భయం ఇళ్లకు వర్తించదు. 45 యూనిట్ల బ్యాటరీకి 7.2 కిలోవాట్లు దాని సామర్థ్యంలో ఆరోవంతే. రహదారి పక్కన 50 కిలోవాట్ల డీసీ కేంద్రాలతో దీన్ని పోల్చకూడదు. ఇక్కడి మండువేసవిలో కారును ఎండలో నిండు ఛార్జుతో రోజుల తరబడి నిలపడమే ఎక్కువ హానికరం.

6. మీటరు లెక్క:

2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. అద్దెకుండే ఉద్యోగి తన కారును అలాంటి మీటరుకు తగిలిస్తే ఏమవుతుంది? ఇంటి వాడకం 90 యూనిట్లు, 26 పనిదినాలకు కారు 260 యూనిట్లు, మొత్తం 350. 200 దాటితే వర్తించే శ్లాబుల ప్రకారం మొదటి 200కు 5.10 చొప్పున 1020, తరువాతి 100కు 7.70 చొప్పున 770, మిగిలిన 50కి 9 చొప్పున 450, వెరసి 2240 రూపాయలు. స్థిర ఛార్జీలు అదనం. పెట్రోలుతో పోలిస్తే ఇది చౌకే. లీటరు సుమారు 107 రూపాయలు, మైలేజి 15 కిలోమీటర్లు అనుకొంటే ఆ 1560 కిలోమీటర్లకు పదకొండు వేలు దాటుతుంది. కాని సున్నా బిల్లుకు అలవాటుపడిన ఇంటి యజమాని చేతికి ఒక్కసారిగా రెండు వేల బిల్లు వస్తే తగవు తప్పదు. ఛార్జింగ్ నెమ్మదిదైనా, వేగవంతమైనదైనా ఈ లెక్క మారదు. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు వాహన ఛార్జింగ్‌కు విడి కనెక్షన్ కోరే వీలు కల్పించాయి. గ్రామీణ ప్రాంతాల్లో కొత్త కనెక్షన్‌కు 15 రోజుల గడువు విధించాయి. అద్దె ఇంట్లో గోడపెట్టె బిగించడం కంటే ముందు చేయవలసిన దరఖాస్తు ఇదే.