అర్ధస్వయంచాలక పిస్తోలు పనితీరులో 'పట్టు': బలం, స్థిరత్వాల వివేచన

వ్యాససంగ్రహం:
అర్ధస్వయంచాలక పిస్తోలు మధ్యలో మొరాయిస్తే, కాల్చినవారి పట్టు బలహీనమని తేల్చడం పరిపాటి. ఆ తీర్పు ఎంతవరకు సరైనదో యంత్రధర్మం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పట్టు, మణికట్టు, స్లైడు, ఫ్రేము, శిక్షణ.

1. ప్రవేశిక:
సికింద్రాబాదు పరిధిలోని మౌలాలిలో రైల్వే రక్షణ దళం శిక్షణ కేంద్రం ఉంది. 1957 నాటి చట్టంతో రూపొందిన ఈ దళాన్ని 1985 సవరణ కేంద్ర సాయుధ దళంగా గుర్తించింది. ఇటువంటి దళాలలో చేరేవారిలో చాలామంది శిక్షణలోనే తొలిసారిగా ఆయుధం చేపడతారు. మన దేశపు సాయుధ దళాలలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఇషాపూర్ 9 మి.మీ. పిస్తోలుకు మూలం 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్.

2. యంత్రధర్మం:
తూటా పేలినప్పుడు పుట్టే ప్రతిచర్య స్లైడును వెనక్కి నెడుతుంది. స్లైడు ఖాళీ షెల్‌ను బయటికి విసిరి, స్ప్రింగును అదిమి, తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోని కొత్త తూటాను బ్యారెల్‌లోకి చేరుస్తుంది. ఇందుకు స్లైడు కదలాలి, ఫ్రేము నిలవాలి. మణికట్టు వదులైతే ఫ్రేము కూడా స్లైడుతోపాటు వెనక్కి కదులుతుంది. రెండింటి మధ్య సాపేక్ష వేగం తగ్గి, స్లైడు పూర్తి దూరం ప్రయాణించదు. అప్పుడు ఖాళీ షెల్ ద్వారంలో ఇరుక్కోవచ్చు, లేదా కొత్త తూటా ఎక్కకపోవచ్చు. రివాల్వరు సిలిండరు తిరగడానికి ఈ ప్రతిచర్యతో పనిలేదు కనుక దానికి ఈ సమస్య రాదు.

3. బలమా, స్థిరత్వమా?
తెలుగులో 'పట్టు' అనే ఒక్క మాట పిడికిలి బిగువునూ, నిలకడనూ సూచిస్తుంది. పిస్తోలు ప్రధానంగా కోరేది రెండవదానిని. పిడికిలి అతిగా బిగిస్తే చేయి వణికి గురి చెదురుతుంది. చిన్న చేయి అయినా పిడిని వీలైనంత ఎత్తుగా పట్టుకొని, మణికట్టును నిటారుగా నిలిపి, రెండవ చేతిని తోడు చేస్తే సాధారణంగా సరిపోతుంది. బరువైన ఉక్కు ఫ్రేము తన జడత్వంతోనే కొంత నిలుస్తుంది. తేలికైన పాలిమర్ ఫ్రేముకు చేతి ఆసరా మరింత అవసరం.

ఇవే లక్షణాలు అరిగిన మ్యాగజైన్ స్ప్రింగు, మురికి, నూనె లేమి, నాసిరకం తూటాల వల్ల కూడా కనిపిస్తాయి. అదే పిస్తోలు, అదే తూటాలు అనుభవజ్ఞుల చేతిలోనూ మొరాయిస్తే, కారణాన్ని ముందుగా ఆయుధంలోనే వెతకాలి.

4. ముగింపు:
'పట్టు లేదు' అన్న తొందరపాటు తీర్పుతో రెండు నష్టాలున్నాయి. సరిదిద్దదగిన అభ్యాసలోపం శారీరక అశక్తతగా ముద్రపడుతుంది. లోపమున్న పిస్తోలు మరమ్మతుకు నోచుకోక విధుల్లో ఉన్న మరొకరి చేతికి చేరుతుంది. కనుక శిక్షణ పరిభాషలో 'పిడికిలి బిగువు', 'మణికట్టు నిలకడ' అనే రెండింటినీ వేరుచేసి బోధించడం అవసరం.