వెనక్కి పొడిగిస్తే కలిసే గీతలు

"మాస్టారూ, ఎర్లీ వోల్టేజి కనుక్కున్నాం! 73.4 వోల్టులు!"

మా పాఠశాల కంప్యూటరు గదిలోంచి పదో తరగతి అమ్మాయి పరుగున వచ్చి ఈ మాట చెప్పింది. విజ్ఞాన ప్రదర్శనకు ఇంకా మూడు వారాల గడువుంది. ఆమె, మరో ఇద్దరు విద్యార్థులు కలిసి ట్రాన్సిస్టరు మీద చార్టు తయారు చేస్తున్నారు. పై తరగతుల పాఠమే అయినా, పట్టుబట్టి ఎంచుకున్నారు. "మేము కొలిచిన ఎర్లీ వోల్టేజి" అని పైన పెద్ద అక్షరాలతో రాసేశారు కూడా.

నాకు సంతోషం కలిగింది. దాని వెంటే ఒక అనుమానమూ వచ్చింది. "కొలిచారా? దేంతో కొలిచారమ్మా?" అని అడిగాను.

"కంప్యూటరుతో, మాస్టారూ."

అక్కడే మా మూడు వారాల పని మొదలైంది. అదేమిటో చెప్పేముందు ఈ ఎర్లీ వోల్టేజి సంగతి చూద్దాం.

ముందుగా పేరు. ఇంగ్లీషులో 'ఎర్లీ' అంటే ముందుగా, పెందలాడే అని అర్థం కదా! అందుకని ఇదేదో మొదట పుట్టే వోల్టేజి అనుకుంటారు చాలామంది. ఒక విద్యార్థి తన రికార్డులో 'తొలి వోల్టేజి' అని అనువాదం కూడా చేశాడు. నిజానికి ఎర్లీ అన్నది ఒక మనిషి పేరు. జేమ్స్ ఎర్లీ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఇంజినీరు. ట్రాన్సిస్టరు పుట్టింది కూడా ఆ ప్రయోగశాలలోనే, 1947 డిసెంబరులో. ట్రాన్సిస్టరు గుణాలలో ఒకదానికి కారణం ఏమిటో వివరిస్తూ ఎర్లీ 1952లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ గుణానికి 'ఎర్లీ ఫలితం' అనీ, దాన్ని కొలిచే సంఖ్యకు 'ఎర్లీ వోల్టేజి' అనీ ఆయన పేరే నిలిచిపోయింది.

ఆ గుణం ఇది. ట్రాన్సిస్టరుకు మూడు కాళ్ళు ఉంటాయి: ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్‌లోకి చాలా చిన్న విద్యుత్ ప్రవాహం పంపిస్తే, కలెక్టర్‌లో దానికి వంద రెట్లో రెండు వందల రెట్లో పెద్ద ప్రవాహం వస్తుంది. బేస్ ప్రవాహాన్ని మార్చకుండా ఉంచి, కలెక్టర్ వోల్టేజిని మాత్రం పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? సులభంగా చెప్పే పుస్తకాలు, కలెక్టర్ ప్రవాహం మారదు, గ్రాఫులో గీత అడ్డంగా చదునుగా ఉంటుంది అంటాయి. అది పూర్తిగా నిజం కాదు. గీత కొంచెం పైకి వాలి ఉంటుంది. వోల్టేజి పెరిగితే ప్రవాహమూ కొద్దిగా పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుంది? లారీలోంచి ధాన్యం బస్తాలు దించడం మీరు చూసే ఉంటారు. లారీ అంచు నుంచి నేలకు ఒక చెక్క ఏటవాలుగా వేసి, దాని మీదుగా బస్తాలను జారవిడుస్తారు. లారీ ఎత్తు మారదు. కాని పొడవాటి చెక్కకు బదులు పొట్టి చెక్క వేస్తే వాలు నిటారుగా మారి, బస్తాలు జోరుగా జారతాయి.

ట్రాన్సిస్టరులో బేస్ అలాంటి చెక్కే. అది బహు పల్చన. తల వెంట్రుక మందంలో ఏ యాభయ్యో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టరులో ఎమిటర్ వైపు అంచున ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి. అది లారీ ఎత్తు. కలెక్టర్ వైపు అంచున దాదాపు ఒక్కటీ నిలవదు, వచ్చినదాన్ని వచ్చినట్టే కలెక్టర్ లాగేసుకుంటుంది. అది నేల. కిక్కిరిసిన చోటు నుంచి ఖాళీ చోటుకు ఎలక్ట్రాన్లు విసరణ వల్ల జారుకుంటూ వస్తాయి.

ఇప్పుడు బేస్, కలెక్టర్‌ల సంధి దగ్గరికి వెళ్దాం. అక్కడ స్వేచ్ఛగా తిరిగే ఆవేశాలు లేని ఒక పొర ఉంటుంది. దాన్ని లేమి పొర అంటారు. కలెక్టర్ వోల్టేజి పెంచినకొద్దీ ఈ పొర లావెక్కుతుంది. అందులో ఎక్కువ భాగం కలెక్టర్‌లోకే పోతుంది కాని, కొంత బేస్‌లోకి కూడా చొరబడుతుంది. ఆ మేరకు బేస్ ఇంకా పల్చనవుతుంది. చెక్క పొట్టిదయింది, వాలు పెరిగింది, ప్రవాహం పెరిగింది. ఎర్లీ 1952లో చెప్పింది ఇదే.

వేరు వేరు బేస్ ప్రవాహాలకు వేరు వేరు గీతలు వస్తాయి. వీటిని అభిలక్షణ వక్రాలు అంటారు. పై గీత ఎక్కువ వాలుతో, కింది గీత తక్కువ వాలుతో ఉంటాయి. ఈ గీతలన్నిటినీ స్కేలు పెట్టి ఎడమవైపుకు, సున్నాను దాటి రుణ వోల్టుల వైపుకు పొడిగించండి. అన్నీ ఎక్స్ అక్షం మీద దాదాపు ఒకే చోట కలుస్తాయి! ఆ చోటు సున్నాకు ఎన్ని వోల్టుల దూరంలో ఉందో అదే ఎర్లీ వోల్టేజి. ట్రాన్సిస్టరు ఎన్నడూ చూడని వోల్టేజి అది, మనం కాగితం మీద మాత్రమే చేరే చోటు. అయినా ఇంజినీరుకు ఎంతో పనికొస్తుంది. దాన్ని 0.026తో భాగిస్తే, ఆ ఒక్క ట్రాన్సిస్టరుతో వోల్టేజిని గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెంచవచ్చో తెలుస్తుంది. 73 వోల్టులైతే సుమారు 2,800 రెట్లు.

ఇక మా పిల్లల లెక్క. వాళ్ళు వాడింది స్పైస్ అనే ప్రోగ్రాము. 1970ల మొదట్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో లారెన్స్ నేగెల్ అనే విద్యార్థి, డొనాల్డ్ పెడర్సన్ అనే ఆచార్యుడి దగ్గర ఉండి దీన్ని రూపొందించాడు. వలయాన్ని తీగలతో కట్టకుండానే అందులో ఏ ప్రవాహం ఎంత ఉంటుందో ఇది లెక్కకట్టి చూపిస్తుంది. ఈనాడు దీని ఉచిత రూపాలు ఎన్నో దొరుకుతున్నాయి.

వాళ్ళు 2ఎన్ 3904 అనే ట్రాన్సిస్టరును ఎంచుకున్నారు. బేస్ ప్రవాహం 14 మైక్రోఆంపియర్లకు కాస్త తక్కువగా ఉంచితే, కలెక్టర్ వోల్టేజి 2 వోల్టుల దగ్గర ప్రవాహం 2.0000 మిల్లీఆంపియర్లు వచ్చింది. 10 వోల్టుల దగ్గర 2.2123 వచ్చింది. 8 వోల్టులకు పెరుగుదల 0.2123. అంటే వోల్టుకు 0.02654. ప్రవాహం సున్నాకు దిగాలంటే 2ను 0.02654తో భాగించగా వచ్చిన 75.4 వోల్టులు వెనక్కి నడవాలి. మనం బయలుదేరింది 2 దగ్గర. కనుక చేరేది రుణ 73.4. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

"బాగుంది. మీ ట్రాన్సిస్టరు గురించి కంప్యూటరుకు ఎవరు చెప్పారు?" అని అడిగాను. ప్రోగ్రాములో ప్రతి ట్రాన్సిస్టరుకూ ఒక జాబితా ఉంటుంది. తెరిచి చూశాం. ఇరవైకి పైగా సంఖ్యలు. వాటి మధ్య వీఏఎఫ్ అన్న గుర్తు పక్కన 74.03 అని ఉంది. వీఏఎఫ్ అంటే మరేమీ కాదు, ఎర్లీ వోల్టేజే!

అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆ సంఖ్యను 30గా మార్చి మళ్ళీ గీయమన్నాను. గీతలు నిటారుగా లేచి, జవాబు 29.3 వచ్చింది. అసలా సంఖ్యనే తీసేస్తే గీతలు పూర్తిగా చదునై, ఎంత పొడిగించినా కలవలేదు. జేబులో మనమే వేసుకున్న రూపాయిని మనమే తీసి, దొరికిందని సంబరపడ్డట్టయింది.

అయితే పని అంతా వృథా అనుకోకండి. 74.03 పెడితే 73.4 ఎందుకు వచ్చింది? తేడా సుమారు 0.68 వోల్టులు. ఈ ప్రశ్న వేసింది నేను కాదు, వాళ్ళలో ఎప్పుడూ మాట్లాడని కుర్రవాడు. 30కి 29.3 వచ్చినప్పుడు కూడా అదే తేడా అని గమనించాడు. బేస్, ఎమిటర్‌ల మధ్య ఉండే వోల్టేజి సరిగ్గా అంతే! లేమి పొర లావెక్కేది కలెక్టర్, బేస్‌ల మధ్య వోల్టేజిని బట్టి. మనం గ్రాఫులో గీసింది కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య వోల్టేజి. రెండింటికీ మధ్య ఆ 0.68 తేడా. ఇది నాకూ అంతకుముందు తట్టలేదు.

సరే, కొలవాల్సింది ఇంకా అలాగే ఉంది. రేడియో షాపులో బీసీ 547 ట్రాన్సిస్టర్లు తెచ్చుకున్నాం. 9 వోల్టుల బ్యాటరీ నుంచి 1 మెగాఓమ్ నిరోధం ద్వారా బేస్‌కు కలిపితే సుమారు 8 మైక్రోఆంపియర్లు పోతాయి. కలెక్టర్‌కు పెన్సిల్ సెల్లులు, మొదట రెండు, తరువాత ఎనిమిది. మధ్యలో మల్టీమీటరు. 3 వోల్టుల దగ్గర 2.40 మిల్లీఆంపియర్లు, 12 దగ్గర 2.77. పైన చేసినట్టే లెక్క చేస్తే 55 వోల్టులు. చార్టు మీద రాయబోతుండగా అమ్మాయి ఆపింది. "మాస్టారూ, అంకె నిలవడం లేదు. పెరుగుతూనే ఉంది."

నిజమే. 12 వోల్టులు పెట్టగానే ఒక అంకె కనిపించి, అక్కడి నుంచి మెల్లగా పాకుతోంది. ట్రాన్సిస్టరును వేళ్ళతో పట్టుకుంటే ఇంకా పెరిగింది. (అది డిసెంబరు నెల. మా ఊళ్ళో మే నెలలో గది కూడా వేళ్ళంత వెచ్చగానే ఉంటుంది, ఈ ప్రయోగం తేలదు.) కారణం వేడి. 12 వోల్టుల దగ్గర ట్రాన్సిస్టరు 30 మిల్లీవాట్లకు పైగా ఖర్చు చేస్తుంది. ఇలాంటి చిన్న ప్లాస్టిక్ ట్రాన్సిస్టరు మిల్లీవాటుకు దాదాపు పావు డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. అంటే ఎనిమిది డిగ్రీలు. వేడెక్కితే అదే బేస్ ప్రవాహానికి కలెక్టర్ ప్రవాహం పెరుగుతుంది. మేము కొలిచిన వాలులో కొంత ఎర్లీది, కొంత వేడిది. కంప్యూటరులోని ట్రాన్సిస్టరు ఎంత పని చేసినా 27 డిగ్రీల దగ్గరే కూర్చుంటుంది, దానికి చెమట పట్టదు!

మరునాడు ఒకరు తీగ కలుపుతుంటే మరొకరు మల్టీమీటరును ఫోనుతో వీడియో తీశారు. తీగ కలిపిన వెంటనే నిలిచిన మొదటి అంకెను వీడియో ఆపి చదివారు. ప్రతి కొలతకూ ముందు ట్రాన్సిస్టరును చల్లారనిచ్చారు. ఇలా పది సార్లు. 12 వోల్టుల దగ్గర 2.66 మిల్లీఆంపియర్లు తేలింది. ఎర్లీ వోల్టేజి సుమారు 80. చివరి అంకె ఒక్కటి అటూ ఇటూ అయినా జవాబు మూడు నాలుగు వోల్టులు మారుతుందని కూడా వాళ్ళే లెక్కకట్టి చార్టులో కింద రాశారు. "మేము కొలిచిన" అన్న శీర్షికను కొట్టేయాల్సిన అవసరం రాలేదు. 73.4ను పక్కన "మేము పెట్టినది" అన్న పేరుతో ఉంచారు.

ప్రదర్శన ముందురోజు సాయంత్రం ఆ కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. "ఎమిటర్‌ను కలెక్టర్‌గా, కలెక్టర్‌ను ఎమిటర్‌గా తిప్పి కలిపితే, సార్?" తిప్పినా ట్రాన్సిస్టరు బలహీనంగా పనిచేస్తుంది. కాని ఇప్పుడు లేమి పొర ఎమిటర్ సంధి దగ్గర ఉంటుంది. ఎమిటర్‌లో మాలిన్యం బాగా దట్టించి ఉండటం వల్ల అది దాదాపు పూర్తిగా బేస్‌లోకే చొరబడాలి. వాలు చాలా ఎక్కువ కావాలి. ప్రోగ్రాము జాబితాలో దీనికీ వీఏఆర్ అని వేరే గుర్తు ఉంది. 2ఎన్ 3904 జాబితాలో వెతికాం. ఆ సంఖ్యను ఎవరూ ఇవ్వలేదు.

రెండు సెల్లులు మించకుండా కలిపి (ఆ సంధి ఎక్కువ వోల్టేజికి ఓర్చుకోలేదు) మొదట ఒక సెల్లుతో, తరువాత రెండింటితో కొలవడం మొదలుపెట్టాడు. మీ దగ్గర ఒక ట్రాన్సిస్టరు, ఒక మల్టీమీటరు ఉంటే మీరూ కొలవండి. ఎంత వచ్చిందో రాసి పంపండి, వాడి అంకె పక్కన పెట్టి చూద్దాం.