నక్కవుల్లి

మనం నిత్యం వంటలో వాడుకొనే నీరుల్లిని పోలిన గడ్డ ఒకటి అడవిలో తనంతట తానే మొలుస్తుంది. దానిని తెలుగువారు నక్కవుల్లి అనీ, అడవి ఉల్లి అనీ అంటారు. ఉర్దూలో అది జంగ్లీ ప్యాజ్. యూనానీ వైద్యులకు ఉన్సుల్. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పెరిగే దీని దగ్గరి జాతిని అరబ్బులు బసలుల్ ఫార్, అనగా ఎలుక ఉల్లి అన్నారు. ఈ పేర్లలో చాలావాటిలో ఉల్లి అనే మాట ప్రక్కన వేరొక మాట కాపలాగా నిలిచి ఉన్నది. అది అకారణం కాదు. ఈ గడ్డ విషపూరితం.

మన గోదావరి సీమకు ఈ మొక్కతో శాస్త్రసంబంధం కూడా కలదు. 1793లో కలకత్తా వెళ్ళే వరకు సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి సిల్లా ఇండికా అని పేరు పెట్టాడు. పాత పాఠ్యగ్రంథాలలో ఇది అర్జీనియా ఇండికా. 1977 నుండి డ్రిమియా ఇండికా.

నీరు నిలిచే నేల దీనికి సరిపడదు. కనుక కాలువల క్రింది వరిమడులలో దీనిని వెదకి ప్రయోజనం లేదు. సముద్రతీరపు ఇసుక నేలలు, ఎండు గుట్టల వాలులు దీని స్వస్థానం. వేసవిలో ఆకులు లేకుండానే సన్నని కాడ లేచి, వెలవెలబోయిన గంటల వంటి పూలు పూస్తుంది. వానలు పడిన పిదప ఆకులు వస్తాయి.

గడ్డలోని గ్లైకోసైడులు హృదయ కండరంపై పని చేస్తాయి. స్వల్ప మోతాదులో ఇది కఫాన్ని వెడలించే మందు. మధ్యధరా గడ్డకు బదులుగా మన దేశంలో దీనిని ఔషధాలలో వాడారు. మోతాదు మించితే వాంతులు, విరేచనాలు కలిగి, నాడి మందగించి, గుండె లయ తప్పి, ప్రాణమే పోవచ్చు. మందుకూ విషానికీ నడుమ ఉన్న ఎడం చాలా తక్కువ. ఆ మధ్యధరా జాతిలోని ఎర్రగడ్డతో ఎలుకల మందు చేసేవారు. ఎలుక వాంతి చేసుకొనలేదు గనుక తిన్న విషం దాని కడుపులోనే నిలిచిపోతుంది.

పొరలు పొరలుగా ఉన్నంత మాత్రాన ప్రతి గడ్డా ఉల్లి కాదు. కోసినప్పుడు నక్కవుల్లికి ఉల్లి వాసన ఉండదు. రసం తగిలితే చర్మం దురదపెడుతుంది. అయినా రుచి చూచి పరీక్షించరాదు. ఎవరైనా పొరపాటున తిన్నచో నాటు చికిత్సలతో కాలయాపన చేయక, మిగిలిన గడ్డతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పూర్వులు పేరులోనే దాచి ఇచ్చిన హెచ్చరికను తెలుసుకొని ఇంటివారికి తెలియజెప్పడం చదువుకొన్న మన కర్తవ్యం.