నాదస్వర ధ్వనిముద్రణలు – ప్రచురణ రూపాలు: గుంటూరు, ప్రకాశం ప్రాంతాల సంప్రదాయం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: శాస్త్రీయ సంగీత ధ్వనిముద్రణ గ్రామఫోన్ పలక, ఎల్పీ, క్యాసెట్, సీడీ, స్ట్రీమింగ్ అనే రూపాల్లో శ్రోతకు చేరింది. ప్రతి రూపమూ రాగ విస్తారానికి తనదైన కాలపరిమితిని విధించింది. కళాకారుల వివరాలకు తనదైన చోటును కేటాయించింది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నాదస్వర సంప్రదాయాన్ని, ముఖ్యంగా షేక్ చినమౌలానా పరంపరను ఆధారంగా చేసుకొని ఈ మార్పులను పరిశీలించడం, ధ్వనిముద్రణను పరిశోధనాధారంగా స్వీకరించేటప్పుడు నమోదు చేయవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నాదస్వరం, డోలు, ధ్వనిముద్రణ, గ్రామఫోన్ రికార్డు, స్ట్రీమింగ్, షేక్ చినమౌలానా, చిలకలూరిపేట.

1. ప్రవేశిక

ముద్రిత గ్రంథాన్ని ఉదాహరించే పరిశోధకుడు ప్రచురణ సంస్థ పేరు, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వకపోతే పర్యవేక్షకుడు వెంటనే ప్రశ్నిస్తాడు. ధ్వనిముద్రణ విషయంలో ఈ పట్టింపు కనిపించదు. త్యాగరాజ కృతి పాఠాంతరాన్ని గురించి, రాగ సంచారాన్ని గురించి, వాద్య బాణీని గురించి చర్చించే వ్యాసాల్లో ఆధారంగా 'యూట్యూబ్' అన్న ఒక్క మాట ఉంటుంది. ఆ ముద్రణ మొదట ఏ రూపంలో వెలువడింది, ఎంత నిడివి గలది, ఎవరెవరు పాల్గొన్నారు అనే ప్రశ్నలకు అక్కడ సమాధానం దొరకదు. గాత్ర సంగీతంలో ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దుకోవచ్చు. ప్రసిద్ధ గాయకుల కచేరీల వివరాలను రసికులు శ్రద్ధగా సేకరించి పెట్టారు. నాదస్వరానికి ఆ అదృష్టం తక్కువ. మంగళవాద్యంగా ప్రతి ఇంటికీ పరిచితమైన వాద్యం కావడం వల్లనే కాబోలు, దాన్ని వాయించినవారి పేరు అడిగే అలవాటు మనకు తక్కువ.

2. ప్రాంతం, పరంపర

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నాదస్వరం ప్రధానంగా ముస్లిం కుటుంబాలలో వంశపారంపర్యంగా నిలిచిన విద్య. దేవాలయ సేవల్లోనూ, హిందూ వివాహాల్లోనూ ఈ కుటుంబాలే మేళం వాయిస్తూ వచ్చాయి. చిలకలూరిపేట ఈ విద్యకు పేరొందిన కేంద్రం. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా మొదట తండ్రి వద్ద, ఆ తరువాత చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. తిరువావడుతురై రాజరత్నం పిళ్ళై బాణీ పట్ల ఆరాధనతో తంజావూరు సంప్రదాయాన్ని అభ్యసించదలచి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైక్కణ్ణు పిళ్ళైల వద్ద శిష్యరికం చేశారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పురస్కారం ఆయనను వరించాయి. 1999లో మరణించారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది.

గ్రంథాలయాల్లోని పాత సూచికలను చూసేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చినమౌలానా పుట్టిన నాటికి ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలో భాగం. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970లో ఏర్పడింది. ప్రకాశం అనే పేరు ఆ తరువాత వచ్చింది. చిలకలూరిపేట 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. అందువల్ల ఒకే కళాకారుణ్ణి ఒక చోట గుంటూరు వారని, మరొక చోట ప్రకాశం వారని పేర్కొంటే రెండూ సరైనవే కావచ్చు. జిల్లా పేరును ఆధారం చేసుకొని ఇద్దరు వేర్వేరు వ్యక్తులని ఊహించడం పొరపాటు.

3. పలక నిడివి, రాగ నిడివి

భారతదేశంలో వాణిజ్య ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో మొదలయింది. జనం నోట 'ప్లేటు'గా స్థిరపడిన గ్రామఫోన్ రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల పలకపై ఒక వైపు సుమారు మూడు నిమిషాల సంగీతం పట్టేది. తొలి రోజుల్లో మైకు లేదు. కొమ్ము ఆకారపు గొట్టం ముందు పాడితే, వాయిస్తే ఆ ధ్వని ఒత్తిడే మైనపు పలకపై గాడి చెక్కేది. 1925 తరువాత విద్యుత్ ముద్రణ వచ్చే వరకు పెద్ద ధ్వని గలవారికే ఈ యంత్రం అనుకూలం. వీణ వంటి మృదువైన వాద్యం అందులో పలచబడిపోయేది. ఆరుబయట ఊరేగింపు కోసం రూపొందిన నాదస్వరం, వేలమందికి వినిపించేలా పద్యం ఎత్తుకునే రంగస్థల నటుడి కంఠం ఆ గొట్టానికి సహజంగానే ఒదిగేవి. డోలు పరిస్థితి వేరు. కుడివైపు వేళ్ల తొడుగుల దెబ్బలు స్పష్టంగా నమోదయ్యేవి గాని, ఎడమవైపు కర్రతో పలికించే మంద్రనాదం చాలావరకు జారిపోయేది. పాత రికార్డు విని నాటి డోలు విద్వాంసుడి ఎడమచేతి పనితనాన్ని అంచనా వేయడం సాహసమే అవుతుంది.

దేవాలయంలో నాదస్వర విద్వాంసుడు ఒకే రాగాన్ని గంటల తరబడి విస్తరించేవాడు. పలక ఆయనకు మూడు నిమిషాలే ఇచ్చింది. రాజరత్నం పిళ్ళై తోడి రికార్డు దక్షిణ దేశమంతటా ప్రసిద్ధికెక్కడానికి కారణం ఆ ఇరుకులోనూ రాగస్వరూపం సంపూర్ణంగా దర్శనమివ్వడమే. అయితే ఆ రికార్డులోని తోడిని ఆయన తోడి మొత్తంగా భావించరాదు. ముందుగానే రాగానికి కీలకమైన సంచారాలకు చేరుకోవడం, మంద్రస్థాయిలో నిలిచే సమయాన్ని తగ్గించడం, ముగింపును గడియారానికి అనుగుణంగా కూర్చడం అనేవి పలక కోసం చేసుకున్న ఏర్పాట్లు. వాటినే బాణీ లక్షణాలుగా నిర్ధారించడం కొన్ని సిద్ధాంత వ్యాసాల్లో కనిపించే బలహీనత.

శ్రుతి నిర్ణయంలోనూ ఇలాంటి ప్రమాదముంది. పొట్టి నాదస్వరమైన తిమిరి స్థానంలో, తక్కువ శ్రుతిలో పలికే పొడవైన బారి నాదస్వరం ప్రచారంలోకి రావడంలో రాజరత్నం పిళ్ళై పాత్ర ప్రధానమైనది. పాత రికార్డులను బట్టి ఈ మార్పును అధ్యయనం చేయాలనుకునేవారు పలక తిరిగిన వేగాన్ని ముందుగా తేల్చుకోవాలి. అన్ని రికార్డులూ కచ్చితంగా 78 వేగంతోనే ముద్రితం కాలేదు. 78 వేగంతో ముద్రించిన పలకను 80 వేగంతో తిప్పి డిజిటల్ రూపంలోకి మారిస్తే, స్థాయి దాదాపు 44 సెంట్లు, అంటే అర్ధస్వరంలో సగానికి కొంచెం తక్కువగా పెరుగుతుంది. అది రెండు శ్రుతి వాద్యమా, రెండున్నర శ్రుతి వాద్యమా అని తేల్చడానికి ఆ తేడా చాలు, తప్పు నిర్ణయానికి రావడానికి.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఎల్పీ వైపుకు ఇరవై నిమిషాలకు పైగా సంగీతాన్ని ఇముడ్చుకోగలిగింది. 1955లో అమెరికాలో వెలువడిన అలీ అక్బర్ ఖాన్ ఎల్పీ వైపుకు ఒక రాగం చొప్పున అందించి, భారతీయ రాగాన్ని పాశ్చాత్య శ్రోత అవిచ్ఛిన్నంగా వినే వీలు కల్పించింది. కర్ణాటక సంగీతంలో ఆలాపన, కృతి, కల్పనస్వరాలు ఒకే ప్రవాహంగా ప్రచురణ పొందడం ఈ రూపంతోనే సాధ్యపడింది. పన్నెండు అంగుళాల అట్ట కవరు వెనుకభాగం పరిశోధకులకు మరొక వరం. రాగం, తాళం, వాగ్గేయకారుడు, పక్కవాద్యకారుల పేర్లు, కళాకారుడి గురుపరంపర అక్కడ అచ్చయ్యేవి.

4. క్యాసెట్: వ్యాప్తి, విస్మరణ

ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసిన క్యాసెట్ భారతీయ విపణిని 1980లలో ముంచెత్తింది. అరవై, తొంభై నిమిషాల టేపులు కచేరీ నిడివిని ఇంటికి తెచ్చాయి. చినమౌలానా వాదనాన్ని ఎల్పీలో విన్నవారికంటే క్యాసెట్‌లో విన్నవారే ఎక్కువమంది అయి ఉంటారు. కాని అదే క్యాసెట్ 'మంగళవాద్యం' అనే శీర్షికతో మరొక సరుకును కూడా తయారుచేసింది. పెళ్లిపందిట్లో, గుడి మైకులో మోగడానికి ఉద్దేశించిన ఈ టేపులపై దేవుడి బొమ్మ పెద్దదిగా, విద్వాంసుడి పేరు చిన్నదిగా ఉండేది. కొన్నింటిపై అసలే ఉండేది కాదు. సాధారణంగా మేళంలో ఇద్దరు నాదస్వర విద్వాంసులు, ఇద్దరు డోలు విద్వాంసులు, శ్రుతి, తాళం వేసేవారు ఉంటారు. రెండో నాదస్వరం, రెండో డోలు పేర్లు ఈ దశలోనే ఎక్కువగా అదృశ్యమయ్యాయి.

దీని ఆర్థిక ఫలితాన్ని కూడా గమనించాలి. మేళగాళ్ల సంపాదనకు ముహూర్తాల రోజులే ఆధారం. ఆషాఢంలోనూ, మూఢంలోనూ పిలుపులు ఉండవు. మాంగల్యధారణ వేళ గట్టిమేళాన్ని సైతం టేపు మీట నొక్కి వినిపించే వీలు రావడంతో, ఆ కొద్ది రోజుల ఆదాయానికీ పోటీ ఏర్పడింది. ఒకసారి పారితోషికం తీసుకొని వాయించిన విద్వాంసుడి టేపే అతని కుమారుడి పిలుపును తప్పించగలిగింది.

1982లో వచ్చిన సీడీ 74 నిమిషాల నిరంతర సంగీతాన్ని, లోపల చిన్న పుస్తకాన్ని ఇచ్చింది. చెన్నై సంస్థలు కచేరీలను యథాతథంగా సీడీలుగా వెలువరించిన కాలం కర్ణాటక సంగీత ప్రచురణలో వివరాల దృష్ట్యా ఉత్తమమైనది. అందులో నాదస్వరం వాటా గాత్రంతో పోల్చదగినది కాదు.

5. నేటి విడుదలలు: వివరాలకు చోటు

స్ట్రీమింగ్ వేదికల్లో నిడివికి పరిమితి లేదు. గంటన్నర రాగాన్ని సైతం ఒకే ముక్కగా విడుదల చేయవచ్చు. ఆచరణలో జరుగుతున్నది భిన్నం. స్పాటిఫై వంటి వేదికలో ఒక ముక్కను ముప్పై సెకన్లు వింటే ఒక వినికిడిగా లెక్కిస్తారు; నిడివి ఎంతైనా లెక్క ఒక్కటే. అందువల్ల చిన్న ముక్కలు విడుదలకర్తకు లాభసాటి. ఆలాపన, కృతి, స్వరకల్పన, తని ఆవర్తనం నాలుగు ముక్కలైతే, వరుస మార్చి వినిపించే సదుపాయంలో తోడి ఆలాపన తరువాత కల్యాణి కృతి రావచ్చు. ఎల్పీ కలిపిన ప్రవాహాన్ని ఈ రూపం మళ్లీ విడగొడుతున్నది.

వివరాల గళ్లు మరింత చిక్కు తెచ్చాయి. వేదికలకు పంపే పట్టికలో శీర్షిక, ప్రధాన కళాకారుడు, స్వరకర్త, సంగీత ప్రక్రియ వంటి గళ్లు ఉంటాయి. అవి ప్రధానంగా పాశ్చాత్య పాటను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి. రాగానికీ తాళానికీ ప్రత్యేకమైన గడి లేదు. వాటిని శీర్షికలోనే ఇరికించాలి. ఆ శీర్షిక రోమను లిపిలో ఉంటుంది కనుక తోడి అనే ఒక్క రాగమే మూడు నాలుగు వర్ణక్రమాల్లో కనిపిస్తుంది. వాద్యం పేరుదీ అదే స్థితి. నాదస్వరమని వెదికితే దొరకనిది నాగస్వరమని వెదికితే దొరకవచ్చు. సన్నాయి అన్న తెలుగు మాటతో వెదికితే ఉత్తరాది షెహనాయి ఎదురుకావచ్చు. డోలు విద్వాంసుడి పేరు నమోదు చేయడానికి అవకాశం ఉన్నా చాలామంది విడుదలకర్తలు ఆ గడిని ఖాళీగా వదులుతున్నారు.

ధ్వని నాణ్యతలోనూ భేదాలున్నాయి. సీడీ ప్రమాణం సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు. ఎంపీత్రీ వంటి కుదింపు రూపాల్లో ఫైలు చిన్నదైన కొద్దీ నాదస్వరపు పైస్థాయి ఉపస్వరాలు, డోలు దెబ్బ తొలిక్షణపు పదును దెబ్బతింటాయి. వినోదానికి అది పెద్ద లోపం కాదు. గమక విశ్లేషణకో, డోలు జతుల లేఖనానికో పూనుకునేవారు మాత్రం నష్టరహిత రూపాన్నే ఆశ్రయించాలి.

6. హక్కులు, నమోదు

త్యాగరాజ కృతికి కాపీహక్కు లేదు. దాని ధ్వనిముద్రణకు ఉంది. 1957 నాటి కాపీహక్కు చట్టం ప్రకారం, ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి అరవై ఏళ్లు ఆ హక్కు కొనసాగుతుంది. 1960లో వెలువడిన రికార్డు 2020 చివరితో ఉమ్మడి సంపద అయింది. 1970లో వెలువడినది 2030 చివరి వరకు కాదు. కాబట్టి ప్రచురణ సంవత్సరాన్ని నిర్ధారించడం విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చేపట్టే డిజిటలీకరణకు మొదటి మెట్టు. 2012 సవరణ ద్వారా చేరిన 38బి విభాగం ప్రదర్శకుడికి నైతిక హక్కులను ఇచ్చింది. ఉపయోగించే విధానం వల్ల పేరు వదలక తప్పని సందర్భాల్లో తప్ప, తన ప్రదర్శనకు తానే కర్తగా గుర్తింపు కోరే హక్కు అందులో ఉంది. 'మంగళవాద్యం' శీర్షికతో పేర్లు లేకుండా వెలువడే విడుదలలను ఈ విభాగం వెలుగులో చూడవలసి ఉంది. హక్కు ఉన్నా, ఆ ముద్రణలో వాయించినది ఎవరో నిరూపించే పత్రం లేకపోతే అది కాగితం మీదనే మిగులుతుంది.

అందుకు తోడ్పడే ఆధారాలు వస్తువుపైనే ఉంటాయి. గ్రామఫోన్ పలకకు చీటీపైని సంఖ్యతో పాటు, గాడులు ముగిసే చోట చెక్కిన మాతృకా సంఖ్యను రాసుకోవాలి. పునర్విడుదలలో చీటీ మారినా ముద్రణను గుర్తుపట్టడానికి అది ఆధారం. ఎల్పీకి కవరు వెనుకభాగం, క్యాసెట్‌కు లోపలి మడత కాగితం ఛాయాచిత్రాలు తీసి పెట్టుకోవాలి. డిజిటల్ విడుదలకు పన్నెండు అక్షరాంకెల అంతర్జాతీయ సంకేతమైన ఐఎస్ఆర్సీని, నిడివిని, తాను విన్న తేదీని ఇవ్వాలి. ఇంటర్నెట్‌లో లభించే దస్త్రం టేపు నుంచి ఎక్కించినదా, పలక నుంచి ఎక్కించినదా అన్నది తెలిసినంతవరకు పేర్కొనాలి. వీటన్నిటికంటే తొందరగా చేయవలసిన పని చిలకలూరిపేట, ఒంగోలు పరిసరాల్లో మిగిలి ఉన్న మేళగాళ్ల కుటుంబాలను కలవడం. అట్టపెట్టెల్లో ఉన్న క్యాసెట్లలో రెండో నాదస్వరం ఎవరిదో, డోలు ఎవరిదో విని చెప్పగలవారు ఆ ఇళ్లలోని వృద్ధులే. టేపు అయస్కాంత పూత ఏటికేడు రాలుతున్నది. క్షేత్రపర్యటనను ఒక విద్యాసంవత్సరం వాయిదా వేసుకునే వెసులుబాటు ఈ అంశంలో లేదు.