ఉస్తాద్ గారి నోటు పుస్తకాలు, ఒక సాధారణ కెమెరా

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌పై కురిసిన వానను పాతబస్తీ వాసులు మరచిపోలేరు. అల్ జుబైల్ కాలనీలో ఇళ్లలోకి నీరు చేరింది. నాలుగైదు రోజులు గడవకముందే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగిన సంగతి పెద్దల నోట విన్నవాళ్లమే. అయినా చెరువు నీరు బీరువా అరల దాకా వస్తుందని మేము ఊహించలేదు.

మా ఉస్తాద్ మర్హూమ్ గారి చేతివ్రాత నోటు పుస్తకాలు పదకొండు ఉండేవి. హదీసు పాఠాల వివరణలు, ఫిఖ్హ్ మసాయిల్, అంచులలో వారి సొంత వ్యాఖ్యలు. బీరువా కింది అరలో ఉన్న నాలుగు పుస్తకాలు రెండు రోజులు నీటిలో నానాయి. కొన్ని పుటలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మరికొన్నింటిపై సిరా కరిగి, అక్షరాలు నీలి మరకలయ్యాయి. ఆ పుస్తకాలకు రెండో ప్రతి లేదు. మిగిలినవాటినైనా ఫోటోలుగా భద్రపరచాలన్న బాధ్యత శిష్యులమైన మాపై పడింది.

ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్యనున్న అభిప్రాయభేదం మాకు తెలియనిది కాదు. కాగితాల ఫోటో విషయంలో ఆ చర్చకు తావు లేదు గనుక మేము నిస్సంకోచంగా పనికి పూనుకున్నాము. కాని కెమెరా గురించి మాకు తెలిసింది శూన్యం.

మొదట మొబైల్ ఫోనుతోనే ప్రయత్నించాము. అచ్చు కాగితాలకు, రేషన్ కార్డుకు, కరెంటు బిల్లుకు ఫోను చాలు. అందులో సందేహం లేదు. వెలసిన సిరా దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఫోను తనంతట తాను చిత్రాన్ని నునుపు చేస్తుంది. సన్నని గీత మాసిపోతుంది. అరబీలో ఒక నుఖ్తా పోతే పదమే మారిపోతుందని మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు. స్కానర్ వాడుదామంటే, కుట్టిన పుస్తకాన్ని పూర్తిగా విప్పి అద్దంపై అదమాలి. నానిన కుట్టు దానికి తట్టుకోదు.

అప్పుడు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాము. ఒక దుకాణదారుడు ఎంతో దూరంలోని వస్తువును కళ్లముందుకు తెచ్చే జూమ్ కెమెరాను చూపి, ఇంతకు మించినది లేదన్నాడు. మాకు కావలసింది రెండడుగుల దూరంలోని కాగితం! ఏ కెమెరా మంచిదని అడగడం కన్నా, దేనిని ఫోటో తీయాలో ముందుగా తేల్చుకోవడం ముఖ్యమని అక్కడే అర్థమైంది.

డి.ఎస్.ఎల్.ఆర్. అంటే లోపల ఒక అద్దం ఉండి, లెన్సు నుండి వచ్చిన వెలుతురును పైనున్న కంటిద్వారానికి పంపే కెమెరా. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, వెలుతురు సెన్సర్‌పై పడుతుంది. కంపెనీలు నేడు అద్దం లేని కెమెరాల వైపు మళ్లాయి. అందువల్లనే పాత డి.ఎస్.ఎల్.ఆర్.లు తక్కువ ధరకు లభిస్తున్నాయి. మా ముందు రెండు నిలిచాయి: కెనాన్ 1500డి, నికాన్ డి3500. రెండూ 2018లో వచ్చినవే, రెండింటి చిత్రంలోనూ సుమారు 2 కోట్ల 40 లక్షల చుక్కలుంటాయి. ఫ్రేము నిండుగా తీస్తే ఎ4 కాగితంపై అంగుళానికి 450కి పైగా చుక్కలు పడతాయి. చేతివ్రాతకు అది ధారాళంగా సరిపోతుంది.

నికాన్ డి3500లో ఫోకస్ మోటారు కెమెరాలో ఉండదు, లెన్సులోనే ఉండాలి. ఇంట్లో పాత నికాన్ లెన్సు ఉందని ఆశపడి ఆ కెమెరా కొనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. కొన్ని పాత లెన్సులకు చేత్తోనే ఫోకస్ చేసుకోవలసి వస్తుంది. మేము వాడిన కెనాన్ 1500డిని, దానితో వచ్చే 18-55 లెన్సుతో సహా 22 వేల రూపాయలకు తీసుకున్నాము. కొనేముందు లెన్సు గుండా టార్చి వేసి చూశాము. సాలెగూడు వంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. వానాకాలంలో గాలి ఆడని బీరువాలలో అది త్వరగా పడుతుంది. అలాంటి లెన్సును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు.

మిగిలిన ధనాన్ని ట్రైపాడ్‌కు, రెండు దీపాలకు, హార్డ్ డిస్క్‌కు ఖర్చు చేశాము. ఇదే మేము చేసిన మంచి పని. మొదటి రోజు తొందరపాటుతో ట్యూబ్‌లైటు కింద, చేతితో పట్టుకొని రెండు వందల పుటలు తీశాము. కంప్యూటర్‌లో చూస్తే సగానికి పైగా మసకగా ఉన్నాయి, మిగిలినవి పచ్చగా ఉన్నాయి. రెండు వందలూ మళ్లీ తీశాము.

ఆ తరువాత కుదిరిన పద్ధతి ఇది. కెమెరా ట్రైపాడ్‌పై నేరుగా కిందికి చూడాలి. పుట ఉండవలసిన చోట చిన్న అద్దం పెట్టి చూస్తే, లెన్సు ప్రతిబింబం ఫ్రేముకు నడిమధ్యన కనబడాలి; పక్కకు జరిగితే కెమెరా వంకరగా ఉన్నట్లు. జూమ్‌ను 18 దగ్గర ఉంచితే పుట అంచులు విల్లులా వంగుతాయి గనుక 50 సమీపంలో ఉంచాము. ఎపర్చర్ ఎఫ్ 8, ఐ.ఎస్.ఓ. 100. ఈ అమరికలో షట్టర్ నెమ్మదిగా మూసుకుంటుంది. కెమెరా కదలదు గనుక నష్టం లేదు. వేలి అదురు సైతం తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టాము. వెనుక తెరపై పుటను పదింతలు పెద్దదిగా చేసి, ఒక నుఖ్తాపై చేత్తో ఫోకస్ చేశాము. దీపాలు రెండు పక్కలా ఏటవాలుగా ఉండాలి, ఫ్లాష్ వాడరాదు. చిత్రాలను 'రా' రూపంలో తీస్తే రంగును తరువాత సరిదిద్దుకోవచ్చు. ప్రతి సాయంత్రం మూడు ప్రతులు చేసేవాళ్లము: ఒకటి మదర్సాలో, ఒకటి ఉస్తాద్ గారి కుమారుని ఇంట, ఒకటి నగరం వెలుపల ఒక శిష్యుని వద్ద. అన్నీ ఒకే బీరువాలో ఉంచడం వల్లనే కదా నష్టపోయింది.

కెమెరా పట్టుకున్నది మా కుమార్తె. మేము పుటలు తిప్పేవాళ్లము. పని నేర్చాక, వివాహాలలో స్త్రీల వైపు ఫోటోలు తీయమని బంధువులు ఆమెను పిలుస్తున్నారు. "అబ్బా, ఆ ఫోటోలు కార్డుతో సహా వధువు చేతికే ఇచ్చి వస్తాను, నా దగ్గర ఒక్కటీ ఉంచుకోను" అని ఆమె ముందే షరతు పెట్టింది. ఇది మన నగరానికి కొత్త కాదు. ఆరవ నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, నిర్వహణను ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించారు.

ఇక సిరా కరిగిపోయిన పుటలు. వాటిని చివరికి ఉంచాము. ఒక రాత్రి మా కుమార్తె ఒక దీపాన్ని ఆర్పి, రెండవదానిని దాదాపు బల్లకు ఆనించి, పుట మీదుగా అడ్డంగా వెలుతురు పడేటట్లు చేసింది. సిరా లేదు గాని కలం ఒత్తిడికి పడిన గాళ్లలో నీడ నిలిచింది. ఆ నీడలే అక్షరాలయ్యాయి. తొమ్మిదవ పుస్తకం చివరి పుటలో పాఠం లేదు. ఒక కిరాణా దుకాణదారుని పేరు, పక్కన ముప్పై ఏడు రూపాయలు, కింద 'ఇవ్వవలెను' అని ఉర్దూలో ఉంది. తీర్చినట్లు ఎక్కడా గుర్తు లేదు.

మరణించినవారి అప్పు ఎంత బరువైనదో ఆ పుస్తకాలలోనే వారు మాకు బోధించారు. ఫోటోను ఉస్తాద్ గారి కుమారునికి చూపగా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ దుకాణం ఇప్పుడు లేదు. యజమాని మనుమలు శాలిబండ నుండి ఎక్కడికో మారారని ఇరుగుపొరుగు వారు చెప్పారు. వారిని వెతుకుతున్నాము.