భూగర్భ శాస్త్రమునకు తెలుగు మాటలు

తార్నాక కూడలిలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడచిపోవువారికి చెట్ల నడుమ అక్కడక్కడ పెద్ద గుండ్లు కనుపించును. మరికొంత దూరము పోయినచో ఆర్ట్సు కళాశాల భవనము ఎదురగును. 1939లో ప్రారంభింపబడిన ఆ కట్టడము గ్రానైటు రాతితో లేచినది. ఆ రాయి యేమని రాళ్లు కొట్టువానిని అడిగినచో “బండరాయి” అనును. ఇల్లు కట్టించువారు “గ్రానైటు” అందురు. పాఠ్యపుస్తకము తెరచినచో “అగ్నిశిల” యని యుండును. మూడును నిజమే. కాని మూడును ఒకటి కావు. మొదటి మాట రాతి గట్టిదనమును చెప్పినది. రెండవది దాని జాతిని చెప్పినది. మూడవది, కరగిన పదార్థము చల్లారి గడ్డకట్టగా ఏర్పడినదని, దాని పుట్టుకను చెప్పినది. ఏ మాట ఏమి చెప్పుచున్నదో తెలిసి వాడుటయే పరిభాష.

గ్రానైటు గోడకు దగ్గరగా నిలిచి చూడుడు. రాతిలో వేరువేరు గింజలు తెలియవచ్చును. గాజువలె మెరయునది పలుగురాయి. శాస్త్రజ్ఞులు దానిని క్వార్ట్జు అందురు. తెలుపు, గులాబి రంగులలో నుండునది ఫెల్‌స్పారు. నల్లని సన్నని రేకులు అభ్రకము. ఇవి ఖనిజములు. ఖనిజమనగా నిర్ణీతమైన రసాయనపు కూర్పును, పరమాణువుల క్రమమైన అమరికయు గల సహజ పదార్థము. ఖనిజములు కూడి యేర్పడినది శిల. గ్రానైటు అను పేరునకు మూలమైన లాటిను మాటకు “గింజ” యని యర్థము. హైదరాబాదు చుట్టునున్న ఈ గింజరాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు.

గనినుండి వచ్చునదెల్ల ఖనిజమని మనము సామాన్యముగా అనుకొందుము. బొగ్గు గనినుండియే వచ్చును. కాని అది ప్రాచీన వృక్షజాలమునుండి యేర్పడినది. దానికి నిర్ణీతమైన కూర్పు లేదు. కనుక చట్టము దానిని ఖనిజములలో లెక్కించినను, శాస్త్ర నిర్వచనము ప్రకారము అది ఒక విధమైన శిల. లోహమును లాభసాటిగా తీయుటకు వీలైన పదార్థము ముడిఖనిజము. ఈ భేదములు చెరిగిపోయినచో వార్తయు తారుమారగును.

రాతికి శాస్త్రీయమైన పేర్లు దేశభాషలో కల్పింపవలెనను ప్రయత్నము ఈ ప్రాంగణమునకు క్రొత్త కాదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉర్దూ బోధనాభాష. దానికి ముందే, 1917లో, గ్రంథముల ననువదించుటకు ఒక అనువాద శాఖ యేర్పడినది. భూగర్భ శాస్త్రము “అర్జియాత్” అయినది. ఖనిజములు “మాదనియాత్” అయినవి. 1948 తరువాత బోధనాభాష మారినది. ఆ పదములు ఉర్దూలో నేటికిని నిలిచియున్నవి. కాని అవి పుట్టిన చోటనే పాఠము చెప్పుటకు ఉపయోగము లేకపోయినది. మాటను కల్పించుట యొక పని, దానిని వాడుకలో నిలుపుట మరియొక పని యని ఈ చరిత్ర తెలుపుచున్నది.

తెలుగులో ఈ పనికి 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ పూనుకొన్నది. అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల యను పదములు పాఠ్యపుస్తకములద్వారా విద్యార్థులకు పరిచితములైనవి. సంస్కృతపు మాటలకు ఒక గుణము కలదు: ఒక ధాతువునుండి పది పదములు పుట్టింపవచ్చును. అవక్షేపము తెలిసినచో అవక్షేపణము, అవక్షేపిత మనునవియు తెలియును. అయితే రేడియోలో పనిచేయువారికి ఒక చిక్కు గలదు. పుస్తకములో కఠినపదము ప్రక్కన కుండలీకరణములలో మరియొక మాట వ్రాయవచ్చును. మైక్రోఫోనుముందు కుండలీకరణములు లేవు. వినిన క్షణములోనే మాట బోధపడవలెను. అందుచేత “అవక్షేప శిల” యన్న వెంటనే, “నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడిన రాయి” యని చెప్పుట మా విధి. అటులే “రూపాంతర శిల” యన్నపుడు, “భూగర్భమునందలి వేడిమిచేతను ఒత్తిడిచేతను రూపు మారిన రాయి” యనవలెను. సున్నపురాయి అటుల మారినదే చలువరాయి.

ఇంతకంటె చులకనయైన మార్గము రాతితో పనిచేయువారి నోటనే యున్నది. కడప సీమలో మంగంపేట గనులలో దొరకు బెరైటీసును అచ్చటివారు ముగ్గురాయి యందురు. చమురు బావులు త్రవ్వునపుడు ఉపయోగించు బురదకు బరువు తెచ్చుటకు ఈ పొడిని కలుపుదురు. శాస్త్రజ్ఞులు “బరువు” అను అర్థము గల గ్రీకు మాటనుండి దానికి పేరు పెట్టగా, మనవారు ఇంటి వాకిటిలో దానిని చూచి పేరు పెట్టిరి. ఆస్బెస్టాసునకు “రాతినార” యన్న మాటకంటె చక్కని మాట యేమున్నది? పలకమీద వ్రాయు బలపము స్టియటైటు అను మెత్తని రాయి. మార్కాపురపు పలక ఒత్తిడికి లోనై గట్టిపడిన బురదరాయి. తెలుగు బాలుడు అక్షరములతోపాటు భూగర్భ శాస్త్రమునుగూడ చేతబట్టినవాడే.

అయినను వాడుకమాట నెల్ల యథాతథముగా స్వీకరింపరాదు. చీమకుర్తిలో లభించి దేశదేశములకు ఎగుమతియగు నల్లరాతిని వ్యాపారులు “గెలాక్సీ గ్రానైటు” అందురు. శాస్త్రరీత్యా అది గ్రానైటు కాదు, గాబ్రో జాతికి చెందినది. కొనువానికి మెరుగు చాలును. శాస్త్రమునకు మెరుగు చాలదు.

మన మాటలు బయటికి పోయిన సందర్భములును కలవు. నల్లరేగడినుండి వచ్చిన “రేగర్” అను పదము శాస్త్రగ్రంథములలో చోటు సంపాదించినది. ఉక్కు అను మాట “వూట్జు” రూపమున ఐరోపాకు పోయినది. విజయనగర ప్రాంతమునందలి కోడూరు మాంగనీసు గనులనుబట్టి ఫెర్మర్ అను శాస్త్రజ్ఞుడు ఒక శిలకు “కోడురైటు” అని పేరుంచినాడు. తూర్పు కనుమలలోని ఖోండు జాతివారి పేరిట 1902లో వాకర్ “ఖోండలైటు” అను పేరు పెట్టెను. సింహాచలపు కొండ ఆ రాయియే. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలనుగూర్చి గ్రంథము ప్రకటించినాడు. నేటికిని గుల్చెరు, పులివెందుల, తాడిపత్రి, పాణ్యం, కోయిలకుంట్ల యను మన ఊళ్ల పేర్లే ఆ పొరల పేర్లు. పరిభాష మనకు పరాయిది కాదు.

ఆ కింగు దొరయే 1871లో ఇల్లందు సమీపమున బొగ్గును కనుగొన్నాడు. తరువాత సింగరేణి గనులు వెలసినవి. అచ్చటి కార్మికులు గనిని గని యనరు, “బాయి” యందురు. బావి త్రవ్వుట యెరిగిన రైతుబిడ్డ భూమిలోనికి దిగి తనకు తెలిసిన మాటనే దానికి పెట్టుకొన్నాడు. టబ్బు, సర్దారు, ఫాల్టు మొదలైన పరభాషా పదములను అతడు తనవిగా చేసికొన్నాడు. ఇందులో “ఫాల్టు” అను మాటను గమనింపుడు. పొరలు తెగి, ఒక ప్రక్కది జారిపోయిన చోటు అది. అక్కడ పైకప్పు బలహీనముగా నుండవచ్చును, నీరు చొరవచ్చును. ఎవరైన నిఘంటువు చూచి దీనిని “తప్పు” అని అనువదించి, “ముందు తప్పు కలదు” అని పలక వ్రేలాడదీసినచో, చదివినవాడు నవ్వి ముందుకు నడచును. “భ్రంశము” అని వ్రాసినచో చదివి ఊరకుండును. “పొర తెగినచోటు, ఫాల్టు” అని వ్రాసినచో ఆగును. మాట ఎంపికపై మనిషి ప్రాణము ఆధారపడు చోటు ఇది.

గనులవరకు పోనక్కరలేదు. తార్నాకలో బోరు వేయించు గృహస్థుతో డ్రిల్లరు “మొరం అయిపోయినది, బండ తగిలినది” అనును. శాస్త్రభాషలో, శిథిలమైన శిలాభాగము దాటి తాజా శిల చేరినదని దాని యర్థము. గట్టి రాతిలో నీరు పగుళ్లలోనే నిలుచును. కనుక పగుళ్ల జాడ తెలియక లోతు పెంచుటవలన నీరు దొరకునని నమ్మకము లేదు. ఈ సమీపముననే 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇట్టి రాతినేలల భూగర్భ జలమును పరిశీలించుచున్నది. అచ్చటి విజ్ఞానమునకును డ్రిల్లరు మాటకును నడుమ వంతెన యున్నచో గృహస్థు ధనము నిలుచును.

కావున తెలుగు పరిభాషకు మూడు దారులును కావలెను. సిద్ధాంతమునకు సంస్కృత పదము, వస్తువునకు పనివాని మాట, లోకమంతట చెల్లు పేరులకు ఆ పేరులే. ఏది యెక్కడ తగునో నిర్ణయించుటకు పండితుని బల్లయొక్కటియే చాలదు; ఆ మాటను ఒకమారు గనికి దిగువానికి వినిపించి చూడవలెను. గనిలో సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూచును. ఖంగుమని మ్రోగినచో గట్టిది, డొల్లగా మ్రోగినచో ప్రమాదము. మన మాటలకును అదియే పరీక్ష.