కోతల మధ్యే గుంటూరు ప్రయాణం

వినుకొండ: మిరప కోతల రోజుల్లో ఒక్కపూట మానినా కూలి పోతుంది. తలసేమియా బిడ్డ ఉన్న ఇంట ఆ లెక్క చెల్లదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. రైలెక్కి గుంటూరు ఆసుపత్రికి చేరిన తల్లి మొదట అడిగేది ఒకటే, "రక్తం ఉందా?" అని. ఎక్కించాక బిడ్డ తేరుకుని ఆకలంటే ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

ఆ రక్తం దాతలు ఇచ్చిందే. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారే ఇవ్వాలి. మూడు వారాలకొకటి చొప్పున బిడ్డకు ఏడాదికి 17 సార్లు కావాలి. పుణ్యం మాట అటుంచితే, లెక్కకే కనీసం ఐదుగురు దాతలుండాలి. 42 రోజులు దాటితే రక్తం పనికిరాదు గనుక దాచిపెట్టడమూ కుదరదు. వేసవిలో కాలేజీలు మూతపడి శిబిరాలు తగ్గుతాయి. అదే కటకట.

18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. ప్రభుత్వ రక్తనిధిలో తలసేమియా బిడ్డలకు రక్తం ఉచితం.